కారియరు మీద కబుర్లు

ఆషాఢమాసపు వాన. పెద్దదీ కాదు, మానేదీ కాదు. ఆ వానలో ఒక అమ్మాయి తలమీద పాలిథిన్ సంచి కప్పుకుని, పాత సైకిలొకటి నడిపించుకుంటూ వచ్చి చింతలమెరక సెంటర్లో లోవరాజు షాపు ముందు ఆగింది.

లోవరాజు ముందు సైకిలును చూశాడు. మొహం చిట్లించాడు. అమ్మాయిని ఆ తర్వాత చూశాడు. వరస తిరగేసి చూసుంటే మొదటి మాట కాస్త మర్యాదగా వచ్చేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"పంచరయితే ఉంచి వెళ్లండి. అమ్మడానికైతే అసలు రావద్దు."

"ఆ ముక్క బోర్డు మీద రాసుకోవచ్చు కదండీ," అంది ఆ అమ్మాయి. "వానలో ఇంత దూరం తోసుకొచ్చేను."

"అంత చదువు మాకెక్కడిది లెండి. ఈ ఊళ్లో రాతలన్నీ మీవే కదా."

ఆమె ఎవరో అతనికి తెలుసు. పేరు నాగదుర్గ. కాలవ లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన గంగయ్యగారి మనవరాలు. ఇంటర్ ప్యాసయింది. అంతకన్నా ముఖ్యం, అతని నోటి దగ్గర కూడు పడగొట్టిన పసుపు కార్డులు రాసింది ఆ చెయ్యే.

ఆ కార్డుల సంగతి చెప్పాలి. ఊళ్లో కొబ్బరికాయల వ్యాపారం చేసే రాజబాబుగారికి ఒక బస్సుంది. రోజుకు నాలుగు ట్రిప్పులు, చింతలమెరక నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం. నిరుడు నవంబరులో తుపాను కొట్టినప్పుడు ఆయన తల్లి అమలాపురంలో చిక్కుకుపోయింది. అమ్మ ప్రాణాలతో ఇల్లు చేరితే నా బస్సులో ముసలివాళ్లకి టిక్కెట్టు కొట్టనని మొక్కుకున్నాడాయన. కొబ్బరితోట సగం నేలకొరిగింది గాని, తల్లి మాత్రం మూడోనాడు అదే బస్సులో ఇల్లు చేరింది. తొంభై ఏడు ఉగాది నుంచి అరవై దాటిన ఎవరైనా సరే, ఆడా మగా, పసుపు కార్డు చూపించి ఊరికే ఎక్కొచ్చు.

అరవై దాటిందని తేల్చేదెవరు? పుట్టిన తేదీ ఎవరికీ తెలీదు. అందుకని ఆదివారాలు రాజబాబుగారి అరుగు మీద నాగదుర్గ కూర్చునేది. "యాభై మూడు వరదకి మీరెంతుంటారండీ?" అని అడిగేది. లాగు తొడుక్కునేవాణ్ణమ్మా అన్నవాళ్లను వెనక్కి పంపేసేది. చంకలో పిల్లోడున్నాడంటే కార్డు రాసిచ్చేది. వరదలోనే నాకు పెళ్లిచూపులయ్యేయని ఒకాయన సిగ్గుపడితే ఆయనకీ రాసిచ్చింది.

కార్డులొచ్చాక జరిగింది లోవరాజుకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. కుర్రాళ్లంతా అప్పటికే మోపెడ్ల మీదికి ఎక్కేశారు. అతని షాపును నిలబెట్టినవాళ్లు ముసలివాళ్లే. పొలానికీ, సంతకీ, అల్లుడి ఊరికీ సైకిలు మీద వెళ్లేవాళ్లు, ముందు దూరపు ప్రయాణాలు మానేశారు. తర్వాత దగ్గరివీ మానేశారు. అరమైలు దూరంలో ఉన్న మంగలి దగ్గరికి గంటసేపు బస్సు కోసం కూర్చునేవాళ్లు. ఊరికే వస్తుంటే కాళ్లు అరగదీసుకోవడమెందుకని వాళ్ల లెక్క. మరిడమ్మగారి ఇంటి గోడకు ఆన్చిన సైకిలుకైతే చిక్కుడు పాదు అల్లుకుంది. హ్యాండిలుకు కాయలు వేలాడుతున్నాయి.

"తాతగారికి చెప్పే తెచ్చేరా?" అని అడిగాడు లోవరాజు.

మామ్మ పంపించిందనీ, తాతయ్యకు చెబితే సరేనన్నాడనీ, కార్డులు ఇద్దరికీ ఉన్నాక గోడకి చోటు దండగని మామ్మ అందనీ చెప్పింది నాగదుర్గ.

"అమ్మడమంటే కొనేవాడుండాలండీ. నేను కొనను. కావలిస్తే ఇక్కడ వదిలెళ్లండి. తడవకుండా ఉంటాది."

"అలాగేనండి. పోనీ చూస్తా ఉండండి, బావుంటే కొనుక్కుందురు," అని పాలిథిన్ సంచి సర్దుకుని వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి ఒకసారి నవ్వింది. సైకిలును చూసి నవ్విందో, తనని చూసి నవ్విందో లోవరాజుకి తెలియలేదు.

స్టాండు వేసి గుడ్డతో తుడుస్తుంటే అతని చెయ్యి ఆగిపోయింది.

లోవరాజు ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. ఆ సంగతి ఊళ్లో చదువుకున్న ప్రతివాడూ ఏడాదికోసారైనా గుర్తుచేసేవాడు. అతనికి పుస్తకం చదవడం రాకపోవచ్చు, సైకిలును చదవడం వచ్చు. పెడలు ఒకపక్కకి అరిగిందంటే మోకాలు నొప్పి ఉన్న మనిషి. బెల్లు తుప్పు పట్టిందంటే నెమ్మదస్తుడు. ఈ సైకిలు కారియరు రేకు ఎడమపక్క మాత్రమే అరిగి, అరిగి, వెండిపళ్లెంలా మెరుస్తోంది. కుడిపక్క నల్లరంగు చెక్కుచెదరలేదు. సీటు కిందున్న రెండు స్ప్రింగుల్లో ఒకటి, సరిగ్గా నాలుగు వేళ్లు పట్టుకునే మేర, తోమిన ఇత్తడి చెంబులా ఉంది.

ఒకే మనిషి. ఒకే పక్కకు కూర్చుని, ఒకే చోట పట్టుకుని. ఇనుమును అలా మెరిపించడానికి ఎన్నేళ్లు పడుతుందో అతనికి తెలుసు. వానచప్పుడు వినపడటం మానేసింది. గుళ్లో చెప్పులు విప్పినవాడిలా, తెలీకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు లోవరాజు.

మర్నాడు వాన తెరిపిచ్చాక గంగయ్యగారు వచ్చారు. బల్లమీద కూర్చున్నారు. సైకిలుకేసి చూశారు. "అమ్మేసేవేంట్రా?" అన్నారు. లేదండీ అంటే ఊఁ అన్నారు. గంట కూర్చుని బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయారు. రెండోనాడూ అదే. మూడోనాడు లోవరాజు ఉండబట్టలేక, దీన్ని వదులుకోవడం మీకు ఇష్టమేనా అని అడిగేశాడు.

ఆయన నీళ్లతొట్టిలో తేలుతున్న ట్యూబు ముక్క కేసి చూస్తూ మొదలుపెట్టారు.

"ఇంట్లో తొమ్మిదిమందిమిరా. ముసలోళ్లిద్దరం ఓ మూల కూచుని కబుర్లాడితే కోడళ్లు మొహమొహాలు చూసుకుంటారు. పిల్లలు నవ్వుతారు. పెళ్లయి నలభై అయిదేళ్లయ్యింది, మా మాటలన్నీ ఈ సైకిలు మీదే. సంతకి ఎల్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం. పెద్దోణ్ణి మస్కట్ పంపాలా వద్దా అన్నది దీనిమీదే తేల్చుకున్నాం. మా ఆఖరిది పోయినప్పుడు మీ మామ్మ ఏడిసింది కూడా దీనిమీదే. ఇంట్లో ఏడవలేదు."

"మరి బస్సులో మాట్లాడుకోవచ్చు కదండీ."

"బస్సులో ఆడోళ్లు ముందు, మొగోళ్లు ఎనకాల. ఇన్నేళ్లూ నా ఈపు అది చూసింది. ఇప్పుడు దాని సిగ నేను చూస్తన్నాను. మూణ్ణెల్లయ్యింది. అంతే."

అయితే సైకిలు తీసుకుపోండి అన్నాడు లోవరాజు. గంగయ్యగారు తల అడ్డంగా ఊపారు. భార్య సత్తెమ్మకు నడుం నొప్పట. కార్డు వచ్చిన వారమే చెప్పిందట, ఇక ఆ రేకు మీద కూర్చోలేనని. నోరు విప్పి ఏనాడూ ఏదీ అడగని మనిషి అంతమాట అందంటే ఎన్నేళ్లుగా ఓర్చుకుందో. గతుకుల్లో తిప్పి తిప్పి ఆవిడ నడుం విరగ్గొట్టింది తానే కదా. అందుకే సరేనన్నారట.

ఆయన వెళ్లాక లోవరాజు షాపులో పనేమీ లేకపోయినా పానాలన్నీ తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. తన తల్లీతండ్రీ ఏం మాట్లాడుకునేవారో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఉప్పు, చింతపండు, వడ్డీ. ఇంకేమీ గుర్తురాలేదు.

సైకిలు అమ్ముడైందేమో కనుక్కోవడానికి నాగదుర్గ రావడం మొదలైంది. ముందు రెండ్రోజులకోసారి. తర్వాత రోజూ.

"అమ్ముడైందాండీ?"

"లేదండీ."

"ఎవరైనా బేరానికొచ్చేరా?"

"రోజూ ఒకాయన వచ్చి గంట చూసెళ్తన్నారు. అడగరు, కొనరు."

"ఎవరండీ ఆయన?"

"మీ తాతగారు."

ఆమె నవ్వు మొహమలాగే ఉండి, కళ్లలోంచి నవ్వు పోయింది. బోర్లించిన టబ్బు మీద కూలబడి, లోవరాజు చెప్పిందంతా వింది. విని, ఇంకొకటి చెప్పింది. మామ్మకి నడుం నొప్పి లేదు. నిన్నకాక మొన్న అటక మీదికెక్కి కొబ్బరినూనె జాడీ చంకనబెట్టుకుని దిగింది. అదేంటి మామ్మా అని పట్టుకుంటే, ఒట్టు వేయించుకుని మరీ చెప్పింది. రెండేళ్లనుంచీ మీ తాతయ్య లాకుల వంతెన దగ్గర దిగిపోయి సైకిలు నడిపిస్తున్నారే, ఆయాసమొస్తోందని ఒప్పుకోరు, నేనే బరువైపోయాను, నేను దిగుతానంటే దిగనివ్వరు, అందుకే నడుమని అబద్ధమాడాను, అందట.

ఇద్దరూ ఆ సైకిలు కేసి చూశారు. ముసలివాళ్లు ఒకరి కోసం ఒకరు దాన్ని వదిలేసుకున్నారు. ఇప్పుడు ఒకే బస్సులో, పదడుగుల దూరంలో, కార్డులు పట్టుకుని కూర్చుంటున్నారు.

"చెప్పేద్దామండీ," అన్నాడు లోవరాజు.

"చెప్తే ఆవిడ కాదంటది, ఆయన నమ్ముతారు. మళ్లీ ఎక్కడివాళ్లక్కడే." నాగదుర్గ లేచి కారియరు రేకు మీద వేలితో రాసింది. "నడుం నొప్పన్నా కూర్చునేలాగా, ఆయాసమన్నా తొక్కేలాగా దీన్ని చెయ్యలేరా? మెకానిక్కులు కదా మీరు. మాటలు మాత్రం బాగా చేస్తారు."

ఆ మాట పట్టుకుని లోవరాజు పదిహేను రోజులు పనిచేశాడు. వెనక ఫ్రీవీలు తీసేసి ఎక్కువ పళ్లున్నది వేశాడు. వేగం తగ్గుతుంది గాని తొక్కుడు తేలిక. కారియరు విప్పి నాలుగంగుళాలు కిందికి దించాడు. దానిమీద కొబ్బరిపీచు దట్టించి రెగ్జిను కుట్టాడు. కాళ్లు పెట్టుకోవడానికి ఒక ఇనుప పట్టీ. పాత రేకును మాత్రం పారేయలేదు, మెత్త కింద అలాగే ఉంచాడు. స్ప్రింగులు మార్చుదామని చెయ్యి పెట్టి, మనసొప్పక వదిలేశాడు.

మిగతా ఆలోచన నాగదుర్గది. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం పడమటి గాలి. కొత్తపేట ఊరికి పడమర. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. వెళ్లేటప్పుడు ఎలాగూ బస్సు ఊరికే కదా, సైకిలును బస్సు టాపు మీద వేసేసి, వచ్చేటప్పుడు కాలవగట్టు మీదుగా తొక్కుకుంటూ వచ్చేస్తే? గాలే సగం తొక్కుతుంది. కండక్టరు అబ్రహాముకు చెబితే, ఆయ్, కొబ్బరిగెలలు ఎక్కించడంలేదా, ఇదెంత అన్నాడు.

ఆ పదిహేను రోజులూ ఆమె చక్రం పట్టుకునేది, అతను నట్టు బిగించేవాడు. పళ్లు లెక్కపెట్టమంటే కావాలని తప్పు చెప్పేది. ఇంటర్లో లెక్కలెలా ప్యాసయ్యేరండీ అని అతనంటే, చూసి రాసేను, మీరు ఎనిమిదిలో ఎవరి పక్కన కూచున్నారేంటి అనేది. చదువు మాటెత్తితే మొహం మాడ్చుకునే మనిషి, మొదటిసారి ఆ మాటకి నవ్వాడు. వాన వస్తే రేకు కప్పు మీద మోతకి మాటలు వినపడేవి కావు. అప్పుడు ఊరికే ఒకరినొకరు చూసి, వెంటనే సైకిలుకేసి చూసేవారు. అలాంటప్పుడు ఆ పాత సైకిలంత ఉపయోగపడింది ఆ షాపులో ఇంకోటి లేదు.

ఒకరోజు వాల్వుట్యూబు కోసం నాగదుర్గ సొల్యూషను డబ్బా మూత తీసింది. ట్యూబుల కింద కొత్త పాసుపోర్టు ఉంది.

"ఎక్కడికండీ?" అంది.

"మస్కట్. మా మేనమామ వీసా తీసిపెట్టేరు. దసరా వెళ్లిన నాలుగో రోజు." ఆమె ఏమీ అనకపోయేసరికి అతనికి పాత చేదంతా నోట్లోకి వచ్చింది. "ఇక్కడేముందండీ నాకు. చిక్కుడు పాదులకి చక్రాలు బిగించుకుంటా కూచోనా?"

పాసుపోర్టుకు అంటిన గ్రీజును ఓణీ కొంగుతో తుడిచింది నాగదుర్గ. జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది.

"మా నాన్నగారు వెళ్లినప్పుడు నాకారేళ్లు. ఏడాదికోసారి క్యాసెట్టు పంపిస్తారు. అందులో, దుర్గా బాగా చదువుకుంటున్నావా అని అడుగుతారు. అడిగి కాసేపు ఆగుతారండీ, నేను చెప్తానని. నేను టేపురికార్డరు కేసి చూసి తలూపి ఆయ్ అంటాను." మూత పెట్టింది. "అది ఆయనకి వినపడదు."

ఆ మర్నాటి నుంచి రాలేదు.

లోవరాజు కోపం తెచ్చుకుందామని చూశాడు. ఆమె ఎవరు, తానెవరు, ఎక్కడికెళ్తే ఆమెకేం. కోపం వచ్చేది గాని నిలబడేది కాదు. ఊళ్లో ఉండిపొమ్మని ఆమె అనలేదు. అనుంటే కాదనడానికి అతని దగ్గర వంద కారణాలున్నాయి. అనకపోవడానికే జవాబు లేదు. నాలుగో రోజున అబ్రహాము ఒక కబురు తెచ్చాడు. వచ్చే సంతకి పెద్దవాళ్లిద్దరూ వస్తున్నారనీ, సైకిలు సిద్ధం చెయ్యమనీ దుర్గమ్మ చెప్పమందట. ఇంకేమైనా చెప్పిందా అని అడిగాడు లోవరాజు. లేదన్నాడు అబ్రహాము.

సంతరోజు పొద్దున్నే, బస్సు లాకుల వైపునుంచి రాకముందే సైకిలును పరదా చుట్టి షెడ్డు వెనక పెట్టాడు. బస్సు ఆగగానే అబ్రహాము నిచ్చెనెక్కి దాన్ని పైకి లాగేశాడు. లోవరాజు తన సైకిలు మీద కొత్తపేటకి అయిదు మైళ్లూ ఎదురుగాలిలో తొక్కి, బస్సు కన్నా ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాడు. సంతరోజు బస్సు అక్కడ గంట ఆగుతుంది. బస్సు కదలబోయే వేళకి వాళ్లు సంత చేసుకుని బస్టాండుకు వస్తున్నారు. సత్తెమ్మగారు ముందు, తమలపాకుల కట్ట పట్టుకుని. గంగయ్యగారు పదడుగులు వెనక. బస్సు అలవాటు నేల మీదికి కూడా వచ్చేసింది. నాగదుర్గ ఇద్దరి మధ్యా సంచి మోస్తూ నడుస్తోంది. లోవరాజును చూసింది, చూపు తిప్పుకుంది.

అబ్రహాము పరదా విప్పి సైకిలును కిందికి దించాడు.

సత్తెమ్మగారు దాన్ని చూసి ఆగిపోయారు. మొహం ఎర్రబడింది. దీన్నెవరు తెచ్చేరు, అమ్మేయమన్నాను కదా అని మనవరాలిని నిలదీశారు. నాకు నడుం నొప్పని చెప్పలేదా అన్నారు. మెత్త వేయించేం మామ్మా అంది నాగదుర్గ. ఎంత మెత్తేసినా నేనెక్కనన్నారావిడ. గంగయ్యగారు పోనీలే అన్నట్టు చెయ్యి ఊపి బస్టాండు బల్లకేసి తిరిగారు.

అప్పుడు నాగదుర్గ ఒట్టు తీసి గట్టున పెట్టింది.

"తాతయ్యా, మామ్మకి నడుం నొప్పి లేదు. ఎప్పుడూ లేదు."

సన్నగా చినుకులు పడుతున్నాయి. గంగయ్యగారు భార్యకేసి చూశారు. ఇన్ని నెలల తర్వాత ఆవిడ మొహం ఎదురుగా చూడటం అదేనేమో.

"మరెందుకే?"

సత్తెమ్మగారు తమలపాకుల కట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "లాకుల వంతెన దగ్గర మీరు దిగిపోయి నడిపిత్తన్నారు కదా. రెండేళ్లనించీ. ఆయాసమొత్తందని నాకు తెలీదా?"

ఆయన సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేశారు. తర్వాత, చుట్టూ జనమున్నారన్న సంగతి మరిచిపోయినట్టు, మామూలు గొంతుతో అన్నారు.

"ఆయాసమొచ్చి కాదే. వంతెన దాటితే ఇల్లొచ్చేస్తది. నువ్వప్పుడు ఏదో చెప్తా ఉంటావు."

బస్టాండులో అబ్రహాము విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.  రెండేళ్లు ఆ పెద్దాయన ఎత్తు మీద సైకిలు తోసింది, రెండు నిమిషాలు ఎక్కువ వినడానికి. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న ఊళ్లో, తన షాపు ముందునుంచే వారం వారం వెళ్లింది. తాను చూడలేదు. చక్రాలు చూశాడు, చెయిను చూశాడు.

సత్తెమ్మగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. చినుకులే తుడుచుకున్నట్టు. కారియరు మెత్తను ఒకసారి నొక్కి చూసి, ఎడమపక్కకి తిరిగి కూర్చున్నారు. ఆవిడ చెయ్యి వెతుక్కోకుండా తిన్నగా ఆ మెరిసే స్ప్రింగు మీదికి వెళ్లింది.

గంగయ్యగారు పెడలు మీద కాలేశారు.

"నేను బస్సులో వచ్చేస్తాను మామ్మా," అంది నాగదుర్గ.

"బస్సు అమలాపురం ఎల్లి తిరిగొచ్చేసరికి సాయంత్రమవుద్ది. ఆ అబ్బాయి సైకిలుకి కారియరుంది కదా. మా ఎనకాలే రండి."

"ఊరంతా చూస్తారు మామ్మా."

"చూడనీ. నిన్ను రోజూ ఆ షాపు దగ్గర చూత్తానే ఉన్నారు, ఇదో లెక్కా?" అని లోవరాజుకేసి తిరిగారు సత్తెమ్మగారు. "నెమ్మదిగా తొక్కు బాబూ. గతుకులున్నాయి."

మీ మామ్మకి ఎవరు చెప్పేరని లోవరాజు కళ్లతో అడిగితే, నాకేం తెలుసని నాగదుర్గ కళ్లతోనే కసిరింది.

ఇక్కడ తర్వాతి సంగతి కొంచెం ముందుకెళ్లి చెప్పాలి. ఆ పైవారం సంతకి రాజబాబుగారి బస్సు టాపు మీద రెండు సైకిళ్లున్నాయి. కార్తీకానికి తొమ్మిదయ్యాయి. మరిడమ్మగారి భర్త చిక్కుడు పాదు కోయించి తన సైకిలును లోవరాజు దగ్గరికి తెచ్చాడు. గాలి తిరిగాక ముసలివాళ్లు వరస మార్చేశారు, వెళ్లేటప్పుడు సైకిలు, వచ్చేటప్పుడు బస్సు. భార్యల కోసం కొబ్బరిపీచు మెత్తలు కుట్టించుకోవడానికి పక్క ఊళ్లనుంచి కూడా వచ్చేవారు, ఎవరికోసమో మాత్రం చెప్పేవారు కాదు. నడుం నొప్పని తమమీదే వేసుకునేవారు. కార్డులు అలాగే ఉన్నాయి, బస్సూ అలాగే ఉంది.

ఆ రోజు మాత్రం కాలవగట్టు మీద రెండే సైకిళ్లు.

పడమటి గాలి వీపుల మీద చెయ్యి పెట్టి తోస్తోంది. ఎడమపక్క నిండు కాలవ. కుడిపక్క తుపాను వదిలేసిన కొబ్బరిచెట్లు, వాటి మధ్య కొత్తగా నాటిన మొక్కలు. ముందు సైకిలు మీద గంగయ్యగారి తెల్లటి వీపు, దానివెనక సత్తెమ్మగారి ముడి. ఆవిడ మాట్లాడుతున్నారు. ఆపకుండా మాట్లాడుతున్నారు. ఏం మాట్లాడుతున్నారో వినపడదు. ఇన్ని నెలల కబుర్లు. మధ్యమధ్య ఆయన తల మాత్రం ఊగుతోంది. అరవై ఆరేళ్ల మనిషి తొక్కుతున్నట్టు లేదు. కాలవలో పడవ తెరచాప ఎత్తి వెళ్తున్నట్టుంది. లోవరాజు జీవితంలో ఎన్నో సైకిళ్లు బాగుచేశాడు గాని, బాగైన సైకిలు ఏం చేస్తుందో అప్పుడే చూశాడు.

తన వెనక బరువు ఉందో లేదో తెలియనంత తేలిగ్గా ఉంది. నాలుగు వేళ్లు అతని సీటు స్ప్రింగును పట్టుకుని ఉన్నాయి, అంతే.

మొదటి మైలు దాటింది. రెండో మైల్లో నాగదుర్గ అంది, "దసరా ఇంకెన్నాళ్లుందండీ?"

"నెలన్నరండీ."

"వెళ్లేక క్యాసెట్టు పంపిస్తారా?"

ఆమె మొహం కనపడటం లేదు. అదెంత సుఖంగా ఉందో లోవరాజుకి అప్పుడు అర్థమైంది. ఎదురుగా నిలబడితే మెలికపడిపోయే నాలుక, పెడళ్లతోపాటు తిరుగుతోంది. ముసలాయన చెప్పింది నిజం. మాటకి ముందు కాళ్లు కదలాలి.

"నేను టేపురికార్డరుతో మాట్లాడలేనండీ. అడిగినదానికి మీరు ఆయ్ అంటే నాకు వినపడాలి." పెడలు ఒకసారి గట్టిగా తొక్కాడు. "ఇక్కడేముందని అడిగేను కదా ఆరోజు. చూసుకోమన్నట్టు మీరు వెళ్లిపోయేరు."

"చూసుకున్నారా?"

"చూసుకున్నానండీ. మా మేనమామకి రాత్రికే చెప్పేస్తాను, రానని. తిడతారు. తిట్టనీ."

 స్ప్రింగు మీది వేళ్లు కాస్త బిగిశాయి. ఆ బిగింపు సీటులోంచి, వెన్నులోంచి అతని మెడదాకా వచ్చింది. ఈ స్ప్రింగు మెరవడానికి ఎన్నేళ్లు పడుతుందో అని లోవరాజు మనసులో అనుకున్నాడు. అప్పటిదాకా ఉంటే చాలనుకున్నాడు.

దూరంగా లాకుల వంతెన కనపడింది. ముందు సైకిలు దాని మొదట్లో ఆగింది. గంగయ్యగారు దిగి, కారియరు మీద భార్యను అలాగే కూర్చోబెట్టి, నెమ్మదిగా ఎత్తు మీదికి నడిపించసాగారు. కొత్త ఫ్రీవీలుతో ఆ ఎత్తు చిన్నపిల్లాడు కూడా తొక్కగలడు. అది ఆయనకీ తెలుసు. ఇప్పుడు సత్తెమ్మగారికీ తెలుసు. ఆవిడ ఇంకా చెబుతూనే ఉన్నారు.

లోవరాజు వంతెన మొదట్లోకి రాగానే బ్రేకు వేశాడు. ఆమెను దిగనివ్వకుండానే కిందికి దిగాడు. హ్యాండిలు పట్టుకుని తోయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏడేళ్ల వయసు, ఉక్కులాంటి కాళ్లు, వెనకనుంచి గాలి.

నాగదుర్గ వంగి అతని మొహంలోకి చూసింది.

"ఆయాసమా అండీ?"

"కాదండీ."

వంతెన మీద వాన కొంచెం పెద్దదైంది. ఆమె పాలిథిన్ సంచి తీసి, తన తలమీద సగం, అతని తలమీద సగం పట్టింది.

"అయితే," అంది, "ఇంకాస్త నెమ్మదిగా నడిపించండి. నేను చెప్పాల్సింది చాలా ఉంది."